సశేషం అని వేసే ముందు ఒక్క మాట

విశాఖలో కూర్చుని గేములు తయారు చేస్తున్న, చేయాలని తిరుగుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ,

నమస్తే. మొన్న మీలో కొందరి ప్రాజెక్టు చూసే అవకాశం అనుకోకుండా దొరికింది. మీ కాలేజీ ల్యాబ్‌లో సీసీ కెమెరాలు బిగించమంటే వచ్చాను. నేను నిచ్చెన మీద వైరు లాగుతుంటే కింద మీరు నలుగురు ప్రొజెక్టర్ వేసి మీ గేమ్ గురించి చెబుతున్నారు. ఫస్ట్ పర్సన్ షూటర్, అంటే హీరో కళ్లతోనే చూస్తూ కాల్చుకుంటూ వెళ్లే గేమ్. కథంతా మన ఊళ్లోనే. బీచ్ రోడ్డు, పోర్టు, డాల్ఫిన్ నోస్, స్టీల్ ప్లాంటు, చివర్లో అరకు. మొత్తం 12 ఎపిసోడ్లు. మొదటిది ఎంతవరకు వచ్చిందని మీ సారు అడిగితే, "మెయిన్ మెనూ అయిపోయింది సార్, మ్యాప్ నడుస్తోంది" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఎగతాళి అనుకోకండి. ఆ 12 అనే అంకె విని నవ్వొచ్చింది. అక్కడే ఒక మాట చెబుదామనిపించింది గానీ, నిచ్చెన మీంచి సలహాలిచ్చేవాణ్ణి ఎవరూ లెక్కచేయరని ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

నేనెవరో చెప్పాలి కదా. గాజువాకలో 2005 నుంచి ఎనిమిదేళ్లు నెట్ సెంటర్ నడిపాను. తొమ్మిది సిస్టమ్‌లు, గంటకి 20 రూపాయలు. పగలంతా హాల్ టికెట్లు, రిజల్ట్సు, రైల్వే టికెట్లు. సాయంత్రం ఆరు దాటితే కౌంటర్ స్ట్రైక్ గేమ్. కరెంటు పోయి తొమ్మిది యూపీఎస్‌లూ ఒకేసారి కీచుమంటే "సేవ్ చేసుకోండ్రా" అని అరవడం నా ఉద్యోగంలో సగం. గేములు ఎలా తయారవుతాయో నాకు తెలీదు. ఎలా ఆడతారో, ఎక్కడ లేచి వెళ్లిపోతారో మాత్రం ఎనిమిదేళ్లు కుర్రాళ్ల వీపుల వెనక నిలబడి చూశాను.

ఆ రోజుల్లోనే హాఫ్-లైఫ్ 2: ఎపిసోడ్ వన్ మా కొట్టుకి వచ్చింది. హాఫ్-లైఫ్ 2 అనే పాత షూటర్ గేమ్‌కి కొనసాగింపు అది. వాల్వ్ కంపెనీ దాన్ని 2006 జూన్ 1న విడుదల చేసింది. మాకు ఓ ఏడాది ఆలస్యంగా చేరింది, అదీ ఎవడో కాపీ కొట్టిన సీడీలో. దాచడమెందుకు, అప్పట్లో మా దగ్గరున్నవన్నీ ఆ బాపతే. తర్వాత డబ్బు పెట్టి కొన్నాను, అంతమాత్రాన లెక్క సరిపోయిందని చెప్పను.

ఆ గేమ్‌లో నాకు మొదట నచ్చింది దాని పొడవు. నాలుగైదు గంటలు, నిదానంగా ఆడితే ఆరు. మా కొట్టు లెక్కలో చెప్పాలంటే వంద రూపాయల గేమ్. పాలిటెక్నిక్ చదివే ఒక కుర్రాడు శనివారం 50 రూపాయలు, ఆదివారం 50 రూపాయలు ఖర్చుపెట్టి కథ మొత్తం పూర్తిచేశాడు. లేచి నిలబడి ఒళ్లు విరుచుకుని, "అయిపోయిందన్నా" అన్నాడు. ఆ మాట మా సెంటర్లో అరుదుగా వినబడేది. కారు దొంగిలించి ఊరంతా తిరిగే పెద్ద గేములు రెండేళ్లు ఆడినవాళ్లున్నారు, ఒక్కడూ చివరిదాకా వెళ్లలేదు. పోలీసుల్ని గుద్దుకుంటూ తిరగడమే వాళ్లకి చాలు.

పోయిన వేసవిలో దాన్ని మళ్లీ ఆడాను. మా అక్క కొడుకు ఇంటర్ పరీక్షలు రాసి మా ఇంటికొచ్చాడు. రోజంతా ఫోన్లో బ్యాటిల్ గ్రౌండ్స్ ఆడే గుంటడు. వాడికి గేమ్ అంటే వందమంది దూకడం, ఒకడు మిగలడం. 2024 నవంబరులో హాఫ్-లైఫ్ 2కి 20 ఏళ్లు నిండినప్పుడు వాల్వ్ వాళ్లు రెండు ఎపిసోడ్లనీ అసలు గేమ్‌లోనే కలిపేశారు. కాబట్టి వెతుక్కునే పని లేకుండా కొట్లో సిస్టమ్ మీద పెట్టి, "ఆడరా" అని పక్కన కూర్చున్నాను.

పది నిమిషాలకే అడిగాడు. "మావయ్యా, తుపాకీ ఏదీ?"

లేదు. షూటర్ అని పేరు పెట్టుకున్న గేమ్‌లో మొదటి రెండు అధ్యాయాల్లో మనకి మామూలు తుపాకీ దొరకదు. వస్తువుల్ని లాగి విసిరే గ్రావిటీ గన్ ఒక్కటే చేతిలో ఉంటుంది. కథ కూడా చిన్నదే. సిటీ 17 అనే ఊరు, దాని నడుమ ఆకాశంలోకి లేచిన సిటడెల్ అనే కోట. పాత గేమ్ చివర్లో హీరో గోర్డన్ ఫ్రీమన్ ఆ కోట మీద పేలుడు చేశాడు. ఇప్పుడు లోపలి కోర్ చెడిపోయి మొత్తం పేలబోతోంది. తప్పించుకోవాలంటే ముందు లోపలికి వెళ్లి ఆ పేలుడుని కాసేపు ఆపాలి. ఆ తర్వాత ఊరు దాటి రైలెక్కాలి. ఎపిసోడ్ మొత్తానికి పని అంతే. నిప్పంటుకున్న ఇంట్లోంచి బయటపడటం. మా వాడికి కథ అర్థం కావడానికి పాత గేమ్ తెలియాల్సిన అవసరం కూడా పెద్దగా పడలేదు.

గోర్డన్ నోరు విప్పడు. "వీడు మూగోడేటి మావయ్యా?" అన్నాడు మావాడు. 2007లో మా సెంటర్లో కుర్రాళ్లూ ఇదే ప్రశ్న వేశారు. మాట్లాడే పనంతా అలిక్స్ చేస్తుంది. పాత గేమ్‌లో అప్పుడప్పుడూ కనిపించి వెళ్లిపోయే అమ్మాయిని ఈ ఎపిసోడ్‌లో దాదాపు మొదటినుంచి చివరిదాకా మన పక్కనే ఉంచారు. పక్కన తిరిగే మనిషి గేమ్‌లో పెద్ద చిరాకు, మీకు తెలుసు. తలుపుకి అడ్డం నిలబడతారు, మన గుండుకి ఎదురొస్తారు, వాళ్లు చస్తే మనం ఓడిపోతాం. అలిక్స్‌తో ఆ గోల లేదు. పాత సైనికుల శవాలకే జాంబీ పట్టడం చూసి, జాంబీనీ, కంబైన్ అనే ఆ శత్రుసైన్యం పేరునీ కలిపి 'జాంబైన్' అని ఓ చచ్చు జోకు వేస్తుంది. ఆ జోకు చచ్చుదని తనకీ తెలుసు. మావాడు అక్కడ నవ్వాడు. గేమ్‌లో మనిషితో కలిసి నవ్వడం వాడికదే మొదటిసారి అనుకుంటాను.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మూడో అధ్యాయం. 'లోలైఫ్' అని పేరు. ఊరి కింద సొరంగాలు, పార్కింగ్ అంతస్తులు. కరెంటు లేదు. మన దగ్గర టార్చ్ ఉంది. ఆ టార్చ్‌కీ, షిఫ్ట్ నొక్కి పరిగెత్తే శక్తికీ బ్యాటరీ ఒక్కటే. లైటు వేసుకుంటే పరుగు తగ్గుతుంది, పరిగెడితే లైటు పోతుంది. అలిక్స్ దగ్గర పిస్టల్ ఉంది గానీ టార్చ్ లేదు. మనం ఎటు లైటు వేస్తే తను అటు కాలుస్తుంది. అంటే చీకట్లో నా చూపే తన గురి. మాటలతో ఒప్పందమేమీ లేదు. ఎవరూ తెర మీద రాసి చెప్పరు. రెండు జాంబీలు వచ్చేసరికి మనకే తెలిసిపోతుంది.

ఆ అధ్యాయం చివర ఒక లిఫ్ట్ ఉంటుంది. బటన్ నొక్కాక అది దిగి రావడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా చుట్టూ చీకట్లో మూలుగులు. మావాడు లైటు ఆర్పకుండా పట్టుకున్నాడు. కాసేపటికే బ్యాటరీ అయిపోయింది. "మావయ్యా, పోయింది, పోయింది" అని కుర్చీలో కాళ్లు పైకి పెట్టేసుకున్నాడు. మూడుసార్లు చచ్చాడు. నాలుగోసారి లైటు వేసి, ఎక్కడెవరున్నారో చూసి, ఆర్పి, మళ్లీ వేసి... చేయి తిరిగింది. నేల మీద దొరికిన, ఎర్రగా మండే ఫ్లేర్ కడ్డీని గ్రావిటీ గన్‌తో ఎత్తి జాంబీకి అంటించి, ఆ మంట వెలుగులో మిగతావాళ్లని చూసుకున్నాడు. నేను చెప్పలేదు, వాడే కనిపెట్టాడు. లిఫ్ట్ వచ్చేసరికి వాడి చేతి చెమటకి మౌస్ జారుతోంది.

నేను మాత్రం 2014 అక్టోబర్ 12కి వెళ్లిపోయాను. మీలో చాలామందికి అప్పుడు పదేళ్లు కూడా ఉండవు. హుద్‌హుద్ తుపాను ఆదివారం నాడు తాకింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగి, ఎండ తొంగి చూసి, అయిపోయిందని జనం బయటికొచ్చారు. మళ్లీ రెండో వైపు నుంచి అందుకుంది. ఆ రోజు నుంచి కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లో సిగ్నల్ లేదు. మేముండేది మూడో అంతస్తు. రాత్రి కింద ట్యాంకర్ వచ్చిందని ఎవరో కేకేస్తే రెండు చేతులా రెండు క్యాన్లు, పళ్ల మధ్య ఫోను. ఛార్జింగ్ తొమ్మిది శాతం. లైటు వేసుకుని దిగితే పైకొచ్చేటప్పటికి ఫోన్ ఉంటుందో ఉండదో. కాబట్టి మలుపు దగ్గర ఒక్క క్షణం వెలిగించి, ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టుకుని, ఆర్పేసి కాలితో తడుముకుంటూ దిగడం. రెండో అంతస్తు మలుపులో పక్కింటి ముసలాయన నిలబడి ఉంటే, ఇద్దరం ఒకేసారి కెవ్వుమన్నాం.

ఆ మెట్ల మీద నాకు ఎపిసోడ్ వన్ గుర్తొచ్చిందని చెబితే మా ఆవిడ నవ్వింది. కానీ నిజం. ఆ గేమ్ చేసినవాళ్లకి మన ఊరెక్కడుందో తెలీదు. ఒక్క బ్యాటరీ, ఒక్క చీకటి, పక్కన ఒక్క మనిషి. ఈ మూడింటితో గంటసేపు నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. కొత్త తుపాకీ ఒక్కటి కూడా కనిపెట్టలేదు ఆ ఎపిసోడ్ కోసం. మీ స్లైడ్‌లో 34 తుపాకుల బొమ్మలున్నాయి. నేను పైనుంచి లెక్కపెట్టాను.

అంతా గొప్పగా ఉందనను. చివరి అధ్యాయంలో జనాన్ని గుంపులు గుంపులుగా రైల్వే స్టేషన్‌కి చేర్చాలి. నలుగురిని తీసుకెళ్లు, వదులు, వెనక్కి రా, ఇంకో నలుగురు. కాంప్లెక్స్ నుంచి గాజువాకకి ట్రిప్పులు కొట్టే బస్సు డ్రైవర్‌లా తయారవుతాం. అది రెండోసారికే అయిపోవాలి. మావాడు అక్కడ ఫోన్ తీశాడు. నా దృష్టిలో అంతకన్నా ఘోరమైన రివ్యూ ఉండదు.

రైలు కదులుతుంది. వెనక సిటడెల్ పేలుతుంది, ఆ పేలుడు అల రైలుని అందుకుంటుంది. తర్వాత, వచ్చే ఎపిసోడ్‌లోని ముక్కలు కొన్ని చూపిస్తారు. అచ్చం మన వారపత్రికల్లో సీరియల్ కింద వేసినట్టు: సశేషం.

ఇక్కడే మీతో నా పేచీ.

హాఫ్-లైఫ్ 2 చేయడానికి వాల్వ్‌కి ఆరేళ్లు పట్టింది. అంతకాలం జనాన్ని కూర్చోబెట్టకుండా చిన్న చిన్న భాగాలుగా త్వరత్వరగా ఇద్దామని వాళ్ల ఆలోచన. మూడు భాగాలన్నారు. రెండోది 16 నెలలకి, 2007 అక్టోబర్‌లో వచ్చింది. చాలా బాగుంటుంది, మొదటిదానికన్నా పెద్దది. టార్చ్‌కీ పరుగుకీ బ్యాటరీలు విడగొట్టేశారు, అది మాత్రం నాకు నచ్చలేదు. అది ముగిసే చోట అలిక్స్ తన తండ్రి శవం మీద పడి ఏడుస్తుంటుంది. తెర నల్లబడుతుంది. అంతే. మూడోది ఈ రోజుకీ రాలేదు.

కథ రాసిన మార్క్ లైడ్‌లా 2016లో కంపెనీ వదిలేశాడు. మరుసటి ఏడాది ఆగస్టులో, పాత్రల పేర్లు మార్చి, జరగాల్సిన కథని ఒక ఉత్తరంలా రాసి బయటపెట్టాడు. 2020లో అలిక్స్ పేరుతో ఇంకో గేమ్ వచ్చి ఆ ముడిని కాస్త కదిపింది గానీ, అది ఆడాలంటే కళ్లకి తగిలించుకునే పెట్టె కావాలి. నా దగ్గర లేదు, మావాడు యూట్యూబ్‌లో చూశాడు. 20 ఏళ్ల సందర్భంగా వాల్వ్ పెట్టిన డాక్యుమెంటరీలో ఆ కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ ఆ ఆగిపోయిన సంగతి మాట్లాడాడు. కథ ముగించడం కోసమే ఒక గేమ్ చేయడం సరిపోదు, కొత్తగా ఏదో ముందుకి తోయాలి, అది తనకి కనబడలేదు, ఇదీ సారాంశం. నిజాయితీ ఉంది ఆ మాటలో, కాదనను. 17 ఏళ్లు ఆగినవాడి చేతిలో పెట్టడానికి అది చాలదు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది, మీకు తెలిసుండదు. సిన్ ఎపిసోడ్స్ అని, అదే 2006 మేలో మొదటి భాగం వచ్చింది. తొమ్మిది భాగాలని ప్రకటించారు. రిచువల్ అనే స్టూడియో వాళ్లది. ఏడాది తిరక్కుండా ఆ స్టూడియోని ఇంకో కంపెనీ కొనేసింది, రెండో భాగం లేదు. ఆ తొమ్మిది అంకె మీ 12 పక్కన పెట్టి చూసుకోండి.

ఎపిసోడ్లంటేనే చెడ్డదని నేననడం లేదు. 1993లో డూమ్ వచ్చినప్పుడు మొదటి ఎపిసోడ్ ఉచితంగా పంచారు. తొమ్మిది లెవెళ్లు. నచ్చినవాళ్లు డబ్బు కట్టి మిగతా రెండూ తెప్పించుకున్నారు. కానీ అక్కడ ఒక కిటుకుంది. ఆ మిగతా రెండూ అప్పటికే తయారై ఉన్నాయి. వంట అంతా దించాక ఒక గరిటె రుచి చూపించారు. పొయ్యి వెలిగించకుండా విస్తళ్లు వేయలేదు.

మా అమ్మ సంగతి చెప్పి ఆపేస్తాను. వారపత్రికలో సీరియల్ వస్తుంటే ప్రతి వారం ఆ పేజీలు చింపి దాచేది. అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి, పైన స్కెచ్ పెన్‌తో పేరు రాసేది. బీరువా కింద అరలో అలాంటివి పాతిక దాకా ఉండేవి, వీధిలో ఆడవాళ్లందరికీ అదే లైబ్రరీ. వాటిలో ఒక్కదానికి చివరి పేజీలు లేవు. సీరియల్ మంచి పట్టులో ఉండగా ఆ పత్రికే ఆగిపోయింది. చివరి పేజీ అడుగున సశేషం అని ఉండేది. ఎవరైనా పుస్తకం తిరిగిచ్చి "తర్వాతేటయిందమ్మా?" అనడిగితే, అమ్మ తనే ఒక ముగింపు కట్టి చెప్పేది. ఆ ముగింపు అడిగిన మనిషిని బట్టి మారేది. కొత్త పెళ్లికూతురు అడిగితే వాళ్లిద్దరూ కలిసిపోయేవాళ్లు. ఎదురింటి పెద్దావిడ అడిగితే అతనికి బుద్ధొచ్చేది. నేను అడిగితే ఒకసారి, "నాకేం తెల్సు నాన్నా, వాళ్లే మర్చిపోయారు" అంది.

మీరు 12 ఎపిసోడ్లు ప్రకటించి ఒకటి విడుదల చేస్తే, ఆడినవాడు వచ్చి నన్నడుగుతాడు. నాకు మా అమ్మంత ఓపిక లేదు.

కాబట్టి ఒక్క ఎపిసోడ్ చేయండి. దానికి ఎపిసోడ్ అని కూడా పేరు పెట్టకండి. మ్యాప్ కోసం బీచ్ రోడ్డంతా కట్టనక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, స్కూల్లో ఉండగా మిమ్మల్నందరినీ తీసుకెళ్లే ఉంటారు. 91 మీటర్లు. ముప్పై ఏళ్లకి పైగా నేవీలో పనిచేసి, 2002 నుంచి ఒడ్డున కూర్చుంది. ఒక చివర ఎక్కితే ఇంకో చివర దిగుతాం, మధ్యలో వెనక్కి తిరిగే దారి లేదు. గుండ్రటి తలుపుల్లోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. పొడుగువాళ్లకి నుదురు తగులుతుంది, నాకు తగిలింది. మీకు కావలసిన మ్యాప్ అదే. దాంట్లో కరెంటు తీసేయండి. ఒక్క టార్చ్ ఇవ్వండి. పక్కన మాట్లాడే మనిషిని ఒకర్ని పెట్టండి, మన యాస మాట్లాడేలా చూడండి. టీవీ వార్తల తెలుగు వద్దు. "ఏటి బాబూ, లైటు అటేటి, ఇటెయ్యి" అనే ముసలి మెకానిక్ ఉంటే నేను డబ్బిచ్చి కొంటాను. గంటన్నరలో బయటపడాలి. బయటికొచ్చాక సముద్రం కనబడాలి, కథ అయిపోవాలి.

అది అయ్యాక మీకింకా ఓపికుంటే అరకు రైలు చేద్దురు గానీ. సొరంగంలోకి వెళ్లగానే బోగీలో పిల్లలందరూ ఎందుకు అరుస్తారో, వెలుగు రాగానే ఎందుకు సిగ్గుపడి ఆగిపోతారో ఆలోచించి మరీ చేయండి.

ఇంకొకటి. ఎపిసోడ్ వన్‌లో డెవలపర్ కామెంటరీ అని ఉంటుంది. ఆన్ చేసి ఆడితే అక్కడక్కడా గాల్లో చిన్న బుడగ గుర్తులు తేలుతుంటాయి, నొక్కితే ఆ గదిని ఎందుకలా కట్టారో చేసినవాళ్లే చెబుతారు. ఆడేవాళ్లని కూర్చోబెట్టి, చూసి, మార్చిన సంగతులు అందులో వినబడతాయి. ఫీజు లేని కోచింగ్ సెంటర్ అది, వినండి.

ఆడి చూసే మనుషులు కావాలంటే నా దగ్గరికి రండి. ఆదివారం మా కొట్టు సగం షట్టర్ దించి ఉంటుంది. గాజువాక వచ్చి, పాత నెట్ సెంటర్ కెమెరాల కొట్టు ఎక్కడని అడిగితే చెబుతారు. ఒక సిస్టమ్ ఖాళీగా ఉంచుతాను. మా అక్క కొడుకుని కూర్చోబెడదాం. మీరు నోరు మూసుకుని వెనకాల నిలబడాలి, వాడు తప్పు దారిలో వెళ్తున్నా సరే. వాడు ఎప్పుడు ఫోన్ తీస్తాడో కాగితం మీద టైమ్ వేసుకోండి. టీ నేను తెప్పిస్తాను.

ఇట్లు,
నిచ్చెన మీది కెమెరాల మనిషి,
గాజువాక, విశాఖపట్నం